చెరపకుండా దిద్దడం: ఫొటో ఎడిటింగ్‌లో లేయర్లు

ఫొటో ఎడిటింగ్ కొత్తగా నేర్చుకునేవారిలో ఎక్కువమంది కెమెరా నుంచి వచ్చిన ఫొటోను తెరిచి, దాని మీదనే వెలుగు పెంచి, రంగు మార్చి, ముఖం మీది మచ్చలు తుడిచి, పైన పేరు రాసి, మళ్లీ అదే ఫైలుగా సేవ్ చేసి మూసివేస్తారు. అలా మూసివేసిన ఫొటోలో మరునాడు పేరు ఒక్కటి మార్చాలన్నా, పెంచిన వెలుగును కాస్త తగ్గించాలన్నా మార్గం ఉండదు. ఎందుకంటే చేసిన మార్పులన్నీ అసలు ఫొటోతో కలిసి ఒకే ముద్ద అయిపోతాయి, ఆ ముద్దలో ఏది కెమెరా తీసినదో ఏది చేతితో చేర్చినదో సాఫ్ట్‌వేరుకు కూడా తెలియదు. ఈ ఇబ్బంది నుంచి బయటపడటానికి ఏర్పడినదే లేయర్ల పద్ధతి. లేయర్లు హంగులు అద్దడానికి, ఒకరి తలను మరొకరి మొండెం మీద పెట్టడానికి పనికివచ్చే కనికట్టు అని సాధారణంగా అనుకుంటారు గానీ, వృత్తిగా ఈ పని చేసేవారికి వాటి విలువ మరొకచోట ఉంది: ఫొటో మీద తీసుకున్న ప్రతి నిర్ణయమూ విడిగా నిలిచి ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు దాన్ని ఒక్కదాన్నే సవరించవచ్చు.

ఈ అవసరం ఎంత నిత్యమైనదో పరవాడ వంటి ఊరిని గమనిస్తే తెలుస్తుంది. విశాఖపట్నం పోర్టుకూ ఉక్కు కర్మాగారానికీ నైరుతి దిశలో, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో భాగంగా ఉన్న ఈ మండలంలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ ఉంది, ముత్యాలమ్మపాలెం వంటి మత్స్యకార గ్రామాలున్నాయి. పెళ్లి ఆల్బమ్ నుంచి ఉద్యోగ దరఖాస్తుకు అతికించే పాస్‌పోర్టు సైజు ఫొటో వరకు, జాతర ఫ్లెక్సీ నుంచి కంపెనీ భద్రతా వారోత్సవాల బ్యానరు వరకు, ఇటువంటి ప్రాంతంలో స్టూడియోలకూ ఫ్లెక్సీ షాపులకూ వచ్చే పని అంతా లేయర్ల మీదనే నడుస్తుంది. ఇంట్లో సరదాకు నేర్చుకునేవారు కూడా ఆ షాపుల్లోని పని క్రమాన్ని తెలుసుకుంటే, పుస్తకంలోని మెనూల పేర్లు బట్టీ పట్టడం కన్నా త్వరగా విషయం గ్రహిస్తారు.

వేరువేరు బొమ్మలను కలిపి ఒకే బొమ్మ చేయడం కంప్యూటరుతో మొదలైన విద్య కాదు. ఆస్కార్ రేలాండర్ అనే ఫొటోగ్రాఫరు 1857లోనే ఇంగ్లండులో సుమారు 30 నెగటివులను చీకటిగదిలో ఒక్కొక్కటిగా అచ్చువేసి ఒకే పెద్ద దృశ్యంగా కూర్చాడు. తెలుగు సినిమా పోస్టర్ల విషయానికి వస్తే, ఈశ్వర్ వంటి ప్రచార చిత్రకారులు పనిచేసిన దశాబ్దాలలో నటీనటుల ఫొటోలను కత్తిరించి, అట్ట మీద అతికించి, అతుకుల అంచులను కుంచెతో కప్పి, అక్షరాలను చేతితో రాసి డిజైను తయారుచేసేవారు. ఆ పనిలో జిగురు ఆరిన తరువాత కథానాయకుడి ముఖాన్ని అరంగుళం పక్కకు జరపాలంటే మళ్లీ మొదటికి రావలసిందే. ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, కంప్యూటరు వచ్చిన కొత్తలో కూడా ఈ జిగురు బాధ పోలేదు. థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫొటోషాప్ 1990లో మార్కెట్లోకి వచ్చినప్పుడు అందులో లేయర్లు లేవు. తెచ్చి అతికించిన ముక్కను ఒకసారి వదిలిపెడితే అది కింది బొమ్మలో శాశ్వతంగా కలిసిపోయేది. 1994లో విడుదలైన మూడవ వెర్షన్‌లో లేయర్లు, 1996లో వచ్చిన నాలుగవ వెర్షన్‌లో అడ్జస్ట్‌మెంట్ లేయర్లు ప్రవేశించాయి. నేటి ఎడిటింగ్ పద్ధతికి పునాది ఆ రెండేళ్లలోనే పడిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

లేయర్ అంటే ఏమిటో తెరను చూపకుండా చెప్పడానికి ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఆఫీసు ఉదాహరణ ఒకటి సరిపోతుంది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఒక కర్మాగారపు నిర్మాణ పటాన్ని గీసేవారు గోడలను ఒక ట్రేసింగ్ షీటు మీద, నీటి పైపులను మరొక షీటు మీద, విద్యుత్ తీగలను ఇంకొక షీటు మీద గీసి, మూడింటినీ ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చి చూసేవారు. పైపుల దారి మారితే ఆ ఒక్క షీటునే మార్చేవారు. ఫొటో ఎడిటింగ్‌లోని లేయర్ కూడా అటువంటి పారదర్శకమైన షీటే. దాని మీద బొమ్మ ఉన్నచోట కింది షీటు మరుగుపడుతుంది, ఖాళీగా ఉన్నచోట కిందిది కనిపిస్తుంది. ఖాళీ జాగాను గుర్తుపట్టడానికి సాఫ్ట్‌వేర్లు తెల్ల, బూడిద రంగు గళ్లను చూపిస్తాయి. ఆ గళ్లు బొమ్మలో భాగం కావు, అచ్చులో రావు.

అయితే ఇక్కడ ట్రేసింగ్ షీటుకు లేని ఒక శక్తి ఉంది. కంప్యూటరులోని ఫొటో పిక్సెళ్లనే చిన్నచిన్న చుక్కలతో ఏర్పడుతుంది. సాధారణమైన ఫొటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువలు 0 నుంచి 255 వరకు ఉంటాయి. లేయరు మీది చుక్కకు వీటితోపాటు నాలుగవ విలువ ఒకటి ఉంటుంది. ఆ చుక్క ఎంత మేరకు కిందిదాన్ని కప్పాలో అది చెబుతుంది. దానిని ఆల్ఫా అంటారు. ఈ ఆలోచనను 1970ల చివరలో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ రూపొందించగా, 1984లో లూకాస్‌ఫిల్మ్‌కు చెందిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక బొమ్మను మరొకదానిపై కలపడానికి కావలసిన గణితాన్ని ఒక పరిశోధనా పత్రంలో స్థిరపరిచారు. గణితం అనగానే జంకవలసిన పని లేదు. కాగితం, పెన్సిలు దగ్గరున్న శ్రోతలు ఒక లెక్క వేసి చూడవచ్చు. కింది లేయరులో ఒక చుక్క విలువ 100, పై లేయరులో అదేచోట విలువ 200 అనుకుంటే, పై లేయరు ఒపాసిటీని, అంటే అది కప్పే శాతాన్ని, 40కి తగ్గించినప్పుడు 200లో 40 శాతం 80, 100లో మిగిలిన 60 శాతం 60, రెండూ కలిపి తెర మీద 140 కనిపిస్తుంది. ఇందులో అసలు గమనించవలసినది 140 కాదు. కింది 100, పై 200 రెండూ ఫైలులో చెక్కుచెదరకుండా ఉన్నాయి, కంటికి కనిపించేది అప్పటికప్పుడు వేసిన కూడిక మాత్రమే.

సాఫ్ట్‌వేరు తెరిచినప్పుడు సాధారణంగా కుడివైపున లేయర్స్ ప్యానెల్ అనే పట్టిక కనబడుతుంది. పట్టికలో పైన ఉన్నది బొమ్మలోనూ పైన ఉంటుంది. మౌసుతో పట్టుకుని లాగితే క్రమం మారుతుంది. పక్కనున్న కన్ను గుర్తును నొక్కితే ఆ లేయరు కనుమరుగవుతుంది, మళ్లీ నొక్కితే తిరిగివస్తుంది. ఒక లేయరును ఎంచుకున్న తరువాత చేసే ప్రతి పనీ ఆ లేయరు మీదనే జరుగుతుంది. కొత్తవారి అవస్థల్లో సగం ఈ ఒక్క నియమాన్ని మరచిపోవడం వల్ల వచ్చినవే: బ్రష్ ఎంత రుద్దినా రంగు పడటం లేదని సాఫ్ట్‌వేరును తిట్టుకునేవారు పట్టికలో ఏ వరుస వెలుగుతున్నదో ఒకసారి చూసుకుంటే చాలావరకు సమస్య తీరిపోతుంది. లేయర్లకు పేర్లు పెట్టడం కూడా ఇక్కడే అలవాటు కావాలి. పేరు పెట్టకపోతే లేయర్ 1, లేయర్ 2 అంటూ వరుస పెరిగిపోయి, నలభైవ లేయరు దగ్గర ఏది వరుడి నీడో ఏది పూలదండో ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది.

ఇక ఒక ఫొటోను ఉదాహరణగా తీసుకోవచ్చు. ముత్యాలమ్మపాలెం తీరంలో ఎండ బాగా ఎక్కిన వేళ తీసిన నూతన దంపతుల ఫొటోలో సముద్రపు తేమ వల్ల ఆకాశం పాలిపోయి తెల్లగా ఉంటుంది, వెలుతురు వెనుక నుంచి పడటం వల్ల ముఖాలు చీకటిగా ఉంటాయి. దీన్ని తెరవగానే చేయవలసిన మొదటి పని, బ్యాక్‌గ్రౌండ్ అనే పేరుతో తాళం గుర్తుతో కనిపించే అసలు లేయరును ముట్టుకోకుండా వదిలేయడం. మచ్చలు తుడవడం వంటి పనులకు దాని నకలు కావాలి. ఫొటోషాప్‌లో కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కితే, గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో షిఫ్ట్, కంట్రోల్, డి కలిపి నొక్కితే నకలు లేయరు వస్తుంది. అంతకన్నా మంచి పద్ధతి, పైన ఒక ఖాళీ లేయరు చేర్చి, మచ్చలు తుడిచే హీలింగ్ బ్రష్ సెట్టింగులలో కింది లేయర్లను కూడా చూడమని చెప్పి, దిద్దుబాటు అంతా ఆ ఖాళీ లేయరు మీదనే జరిగేలా చూడటం. అప్పుడు వధువు పుట్టుమచ్చను పొరపాటున తుడిచివేసినా, ఆమె తల్లి వచ్చి అది ఉండవలసిందేనంటే, ఆ లేయరులో ఆ కాస్త మేర చెరిపివేస్తే పుట్టుమచ్చ యథాస్థానంలో కనిపిస్తుంది.

ముఖాల చీకటి తీర్చడానికి అడ్జస్ట్‌మెంట్ లేయరు కావాలి. ఇది బొమ్మ ఉన్న లేయరు కాదు. కింద ఉన్నవాటి వెలుగునో రంగునో ఎంత మార్చి చూపాలో చెప్పే సూచన మాత్రమే. వాటిలో కర్వ్స్ అనే దానిని ఎంచుకుంటే ఒక చతురస్రంలో వాలుగీత కనబడుతుంది. గీత ఎడమ దిగువ భాగం ఫొటోలోని చీకటికీ, కుడి ఎగువ భాగం వెలుగుకూ ప్రతినిధులు. గీత మధ్యలో పట్టుకుని కొంచెం పైకి లాగితే ముఖాలు తేరుకుంటాయి, కానీ అప్పటికే తెల్లగా ఉన్న ఆకాశం మరింత వెలిసిపోతుంది. ఇక్కడే ఈ విద్యలోకెల్లా ముఖ్యమైన పరికరం, లేయర్ మాస్క్, అవసరమవుతుంది.

మాస్క్ అంటే లేయరుకు తగిలించిన నలుపు తెలుపుల పటం. పటంలో తెల్లగా ఉన్నచోట లేయరు పనిచేస్తుంది, నల్లగా ఉన్నచోట పనిచేయదు, బూడిద రంగు ఉన్నచోట ఆ రంగు ఎంత లేతగా ఉందో అంత మేరకు పనిచేస్తుంది. కర్వ్స్ లేయరుతోపాటే ఫొటోషాప్ ఒక తెల్లని మాస్కును ఇస్తుంది. దానిని ఇన్వర్ట్ చేసి పూర్తిగా నల్లగా మార్చితే పెంచిన వెలుగు అంతా మాయమవుతుంది. అప్పుడు అంచులు మెత్తగా ఉండే బ్రష్‌తో, తెల్లరంగు తీసుకుని, దంపతుల ముఖాల మీద మెల్లగా పూస్తే పూసినంత మేర మాత్రమే వెలుగు వస్తుంది. చెంప దాటి సముద్రం మీద పడితే నల్లరంగు తీసుకుని అదేచోట పూస్తే సరి. ఫొటోషాప్‌లోనూ గింప్‌లోనూ ఎక్స్ మీట నొక్కితే తెలుపు, నలుపు స్థానాలు మారతాయి గనుక, అనుభవమున్నవారు ఒక చేత్తో మౌసు, మరొక చేత్తో ఆ ఒక్క మీట పట్టుకుని గంటల తరబడి పనిచేస్తారు. మరొక కర్వ్స్ లేయరు చేర్చి, ఈసారి గీతను కిందికి లాగి, మాస్కులో ఆకాశాన్ని మాత్రం తెల్లగా పూస్తే వెలిసిపోయిన ఆకాశం కొంత బరువు తెచ్చుకుంటుంది. కెమెరా అసలు పట్టుకోనే లేకపోయిన మేఘాలను మాత్రం ఏ కర్వ్సూ సృష్టించలేదు. ఫొటోలో విలువ 255కు చేరిపోయినచోట తిరిగి తీయడానికి ఏమీ మిగలదు. ఇది ఎడిటింగులో తేలే సమస్య కాదు, ఫొటో తీసేటప్పుడే వెలుగును కొంచెం తగ్గించి తీయవలసిన సంగతి.

మాస్క్ కన్నా ఎరేజర్ సులభంగా కనిపిస్తుంది గనుక కొత్తవారు దానివైపే మొగ్గుతారు. బొమ్మను కత్తిరించి కొత్త దృశ్యంలో పెట్టినప్పుడు అంచుల్లో మిగిలిన పాత బ్యాక్‌గ్రౌండును ఎరేజర్‌తో తుడిస్తే, పొరపాటున పోయిన వెంట్రుకలు, చీర కొంగు చివర మళ్లీ రావు. అదే పని మాస్కులో చేస్తే అవి దాగి ఉంటాయే గాని పోవు. నేర్పేవారు మొదటి నెల రోజులు ఎరేజర్‌ను ముట్టుకోనివ్వకుండా మాస్కే సాధన చేయిస్తే, ఆ తరువాత విద్యార్థికి చెప్పవలసినది ఎక్కువ ఉండదు.

ఫ్లెక్సీ పనిలో లేయర్ల అవసరం మరొక రకంగా ఉంటుంది. కొత్త అమావాస్యకు అనకాపల్లిలో జరిగే నూకాంబిక జాతర రోజులు గానీ, ఎన్నికల రోజులు గానీ దగ్గర పడినప్పుడు ఒక ఫ్లెక్సీలో అమ్మవారి బొమ్మ, నాయకుల ఫొటోలు, శుభాకాంక్షలు చెప్పేవారి వరుస, వారి పేర్లు, హోదాలు కలిపి యాభై అరవై లేయర్లు పోగవుతాయి. ఇందులో ఎవరి ఫొటో ఎవరికన్నా ముందు ఉండాలి, ఎవరి తల ఎవరి భుజాన్ని కప్పవచ్చు అన్నవి కళకు సంబంధించిన ప్రశ్నలు కావు, ఊరి రాజకీయాలకు సంబంధించినవి. డిజైను చేసేవాడికి ఆ జ్ఞానం లేకపోతే సాఫ్ట్‌వేరు ఎంత వచ్చినా ప్రయోజనం లేదు. అందుచేత వరుసను ఎప్పుడైనా మార్చగలిగేలా గ్రూపులు వాడతారు. గ్రూపు అంటే కొన్ని లేయర్లను ఒకే సంచిలో ఉంచడం. ఒక్కొక్క వ్యక్తి ఫొటో, నీడ, పేరు కలిపి ఒక గ్రూపు చేస్తే, మనిషిని పక్కకు జరిపినప్పుడు పేరు వేరొకరి కింద ఉండిపోయే ప్రమాదం తప్పుతుంది. ఆఖరి నిమిషంలో ఒక పేరు తగ్గితే ఆ గ్రూపు కన్నును మూస్తే చాలు. మళ్లీ రాజీ కుదిరి ఫోను వస్తే కన్ను తెరిస్తే చాలు.

పేర్ల సంగతి వచ్చింది గనుక తెలుగు అక్షరాల గురించి కొంత వివరంగా చెప్పుకోవలసి ఉంది. టైప్ చేసిన అక్షరాలు టెక్స్ట్ లేయర్ అనే ప్రత్యేకమైన లేయరుగా ఏర్పడతాయి. అది పిక్సెళ్లుగా కాకుండా అక్షరాలుగానే నిలిచి ఉంటుంది గనుక పేరులోని తప్పును ఎన్నిసార్లయినా దిద్దవచ్చు, పరిమాణం ఎంత పెంచినా అంచులు చెదరవు. ఆంధ్ర, తెలంగాణల డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా అను ఫాంట్ల వాడకం ఉంది. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను కూర్చిన పాత పద్ధతివి కావడంతో, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే పేరుకు బదులు అర్థంలేని గుర్తులు కనబడతాయి. యూనికోడ్ ఫాంట్లకు ఈ బాధ లేదు; సిలికానాంధ్ర చొరవతో వచ్చి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభిస్తున్న మండలి, రామభద్ర, సూరన్న, మన ఉత్తరాంధ్ర మహనీయుల పేర్లతో ఉన్న గురజాడ, గిడుగు ఫాంట్లు ఇందుకు పనికివస్తాయి. కానీ ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు టైప్ చేసినప్పుడు ఒత్తులు విడిపోయి, లక్ష్మి అన్న పేరు ముక్కలు ముక్కలుగా కనిపించడం కొత్తవారికి ఎదురయ్యే మొదటి నిరాశ. ఇది ఫాంటు దోషం కాదు. పాత వెర్షన్లలో టైప్ సెట్టింగులకు వెళ్లి దక్షిణాసియా లిపులకు సంబంధించిన అమరికను, కొత్తవాటిలో పేరాగ్రాఫ్ ప్యానెల్‌లోని వరల్డ్-రెడీ లేఅవుట్‌ను ఎంచుకుంటే ఒత్తులు తమ స్థానాలలో కుదురుకుంటాయి. ఫైలును వేరొక షాపుకు పంపవలసినప్పుడు టెక్స్ట్ లేయరును పిక్సెళ్లుగా మార్చడం, అంటే రాస్టరైజ్ చేయడం, వాడుకలో ఉంది. అది నకలు లేయరు మీద చేయాలి తప్ప అసలు దాని మీద చేయకూడదు. ఒకసారి మారిన అక్షరాలు ఇక బొమ్మలే.

పట్టికలో ఒపాసిటీ పక్కనే బ్లెండ్ మోడ్ అనే జాబితా ఉంటుంది. ఇరవైకి పైగా ఉన్న ఆ పేర్లను చూసి తికమకపడనవసరం లేదు, మొదట్లో రెండు మూడు తెలిస్తే చాలు. మల్టిప్లై అనేది పై, కింది విలువలను గుణించి 255తో భాగిస్తుంది. 255ను 255తో భాగిస్తే ఒకటే కాబట్టి పై లేయరులోని తెలుపు కిందిదాన్ని ఏమీ మార్చదు, నలుపు మాత్రం నలుపుగానే నిలుస్తుంది, 128 మీద 128 పడితే ఫలితం 64 అయి చిక్కబడుతుంది. దీని ఉపయోగం తెలియాలంటే తెల్లకాగితం మీద పెట్టిన సంతకాన్ని స్కాన్ చేసి సర్టిఫికెట్ మీద ఉంచి చూడాలి: కాగితం తెలుపు కత్తిరించే శ్రమ లేకుండా దానంతటదే మాయమై సంతకం గీతలు మాత్రం మిగులుతాయి. స్క్రీన్ అనే మోడ్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. నల్లని ఆకాశంలో తీసిన బాణసంచా ఫొటోను మరొక దృశ్యం మీద ఉంచడానికి అది తగినది.

మూడవది కలర్ అనే మోడ్. పై లేయరు నుంచి రంగును మాత్రమే తీసుకుని, వెలుగునీడలను కింది లేయరుకే వదిలేస్తుంది. ఇంట్లోని పాత నలుపు తెలుపు ఫొటోకు రంగులు వేయాలనుకునేవారికి ఇదే మార్గం: చర్మానికి ఒకటి, చీరకు ఒకటి, గోడకు ఒకటి చొప్పున ఖాళీ లేయర్లు చేర్చి, మోడ్‌ను కలర్‌కు మార్చి, తేలికైన రంగును పూస్తే ముఖంలోని ముడతలు, చీర మడతలు అసలు ఫొటోలో ఉన్నట్లే నిలుస్తాయి. 1957లో విజయా సంస్థ నిర్మించగా కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'మాయాబజార్'ను హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి మార్చి 2010 జనవరి 30న విడుదల చేసినప్పుడు, తెలుగువారు నలుపు తెలుపులకు రంగు వేయడం అనే ప్రక్రియను పెద్ద ఎత్తున చూశారు. కదిలే బొమ్మకు వాడే పరికరాలు వేరైనా మౌలికమైన చిక్కు ఒకటే: నలుపు తెలుపు ఫొటో ఎంత వెలుగు ఉందో చెబుతుంది గాని ఏ రంగు ఉందో చెప్పదు. కాబట్టి తాతమ్మ చీర ఎరుపో ఆకుపచ్చో ఇంట్లో పెద్దవారిని అడిగి తెలుసుకోవాలి. అడిగినా తెలియకపోతే రంగు వేయకుండా వదిలేయడం మంచిది. ఫోన్లలో క్షణంలో రంగులు వేసే యాప్‌లు ఈ అడగడాన్ని దాటవేస్తాయి, అందుకే వాటి ఫలితం చూడముచ్చటగా ఉన్నా నమ్మదగినది కాదు.

నమ్మకం అన్న మాట వచ్చినప్పుడు లేయర్ల గురించి అడగదగిన ప్రశ్న ఒకటి ఉంది. పరవాడలో ఆరుబయట తీసిన ఫొటోలో సింహాద్రి చిమ్నీలు గానీ, కూలింగ్ టవర్లు గానీ వెనుక కనిపించడం సహజం. పెళ్లి ఆల్బమ్ కోసం ఆ చిమ్నీని ఒక లేయరుతో కప్పివేసి కొబ్బరిచెట్టు పెడితే ఎవరికీ నష్టం లేదు. అది దంపతుల ఇష్టం. అదే ఫొటో పత్రికలోనో ప్రభుత్వ నివేదికలోనో ఆ ప్రాంత పరిస్థితికి సాక్ష్యంగా అచ్చయ్యేదయితే, పొగను కాస్త తగ్గించినా, లేని పొగను కాస్త చేర్చినా అది అబద్ధం. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి ముఖచిత్రంలో గిజా పిరమిడ్లను పేజీకి సరిపోయేలా దగ్గరకు జరిపినందుకు ఎదుర్కొన్న విమర్శ ఫొటోషాప్ పుట్టుకకు ఎనిమిదేళ్ల ముందుది. వెలుగు, రంగు మితంగా సవరించడం వరకే వార్తా సంస్థలు అనుమతిస్తాయి, ఫొటోలో ఉన్నదాన్ని తీసివేయడం, లేనిదాన్ని చేర్చడం నిషేధిస్తాయి. లేయర్లతో పనిచేసేవారికి ఈ గీత ఎక్కడుందో తెలుసుకోవడం కష్టం కాదు: అడ్జస్ట్‌మెంట్ లేయర్లు దాదాపు ఎప్పుడూ గీతకు ఇవతల ఉంటాయి, కొత్త పిక్సెళ్లు తెచ్చే లేయర్లు దాదాపు ఎప్పుడూ అవతల ఉంటాయి.

ఏ సాఫ్ట్‌వేరుతో మొదలుపెట్టాలన్నది కొత్తవారు అడిగే ప్రశ్నల్లో తరచైనది, కానీ పెద్దగా ఆలోచించదగినది కాదు. ఫొటోషాప్‌కు చందా కట్టాలి. గింప్‌ను బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ 1995లో ప్రారంభించారు. అది ఉచితం, 2025 మార్చిలో వచ్చిన మూడవ ప్రధాన వెర్షన్‌తో దాని ఫిల్టర్లను కూడా అసలు పిక్సెళ్లను చెరపకుండా వాడుకునే వీలు కలిగింది. ఫొటోపీ అనేది ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజరులోనే తెరుచుకుంటుంది, ఫొటోషాప్ ఫైళ్లను చదువుతుంది. ఫోను మాత్రమే ఉన్నవారికి పిక్స్‌ఆర్ట్, పిక్సెల్‌ల్యాబ్ వంటి యాప్‌లలోనూ లేయర్లున్నాయి. ఏది నేర్చినా పట్టిక, మాస్క్, బ్లెండ్ మోడ్ అనే మూడూ అదే రూపంలో గాని పోలికతో గాని మిగతావాటిలో ఎదురవుతాయి.

లేయర్లకు చెల్లించవలసిన మూల్యం కంప్యూటరు మెమరీ. పెళ్లి ఆల్బమ్‌లలో వాడుకగా ఉన్న 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు షీటును అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున తీసుకుంటే 3,600, 10,800 పిక్సెళ్లు, అంటే దాదాపు 3 కోట్ల 89 లక్షల చుక్కలు. ఆల్ఫాను లెక్కలోకి తీసుకోకుండానే, చుక్కకు మూడు బైట్ల చొప్పున షీటును పూర్తిగా నింపే ఒక్క లేయరే సుమారు 117 మెగాబైట్లు అవుతుంది. అడ్జస్ట్‌మెంట్ లేయర్లలో పిక్సెళ్లు ఉండవు గనుక అవి దాదాపు ఏ బరువూ మోపవు. వెలుగు మార్చడానికి ఫొటో నకళ్లు మీద నకళ్లు చేసుకుంటూ పోయేవారి కంప్యూటరు ముందుగా మొరాయించడానికి కారణం ఇదే. ఫ్లెక్సీకి కూడా అంగుళానికి అన్ని పిక్సెళ్లు కావాలనుకోవడం సహజమే గాని, దానిని దూరం నుంచి చూస్తారు. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున చేస్తే 6 కోట్లకు కొంచెం తక్కువ చుక్కలతో సరిపోతుంది.

పని పూర్తయ్యాక ఫైలును రెండు రూపాల్లో భద్రపరచాలి. ఫొటోషాప్‌లో పీఎస్‌డీగా, గింప్‌లో ఎక్స్‌సీఎఫ్‌గా సేవ్ చేస్తే లేయర్లన్నీ యథాతథంగా ఉంటాయి. వాట్సాప్‌లో పంపడానికీ ప్రింటుకు ఇవ్వడానికీ సాధారణంగా వాడే జేపీఈజీ రూపంలో లేయర్లు ఉండవు, అన్నీ కలిసి ఒకే పొర అవుతాయి. పీఎస్‌డీ ఫైలు 2 గిగాబైట్లకూ, ఒక్కో వైపు 30,000 పిక్సెళ్లకూ పరిమితం. ఆల్బమ్ షీట్లు ఈ హద్దుకు దూరంగానే ఉంటాయి, హద్దు దాటేవారికి పీఎస్‌బీ అనే మరొక రూపం ఉంది. జేపీఈజీ చేయవలసివచ్చినప్పుడు ముందు పీఎస్‌డీని సేవ్ చేసి, ఆ తరువాత ఎక్స్‌పోర్ట్ లేదా కాపీగా సేవ్ అనే ఆదేశంతో వేరే పేరు మీద జేపీఈజీని తీయాలి. లేయర్లన్నిటినీ కలిపివేసే ఫ్లాటెన్ అనే ఆదేశం మెనూలో ఉంటుంది. అసలు ఫైలు మీద దానిని వాడవలసిన అవసరం మామూలుగా రాదు. పేరు దిద్దమని ఆరు నెలల తరువాత వచ్చే కస్టమరుకు పీఎస్‌డీ తెరిచి రెండు నిమిషాల్లో కొత్త ప్రింటు ఇవ్వవచ్చు. జేపీఈజీ మాత్రమే మిగిలి ఉంటే ఆల్బమ్ షీటును మొదటి నుంచి చేయవలసి వస్తుంది, దానికి డబ్బు ఎవరు ఇవ్వాలన్న వాదన కూడా అక్కడే మొదలవుతుంది.